విప్పుదామా, మార్చేద్దామా

“విప్పుదామా, మార్చేద్దామా? ఏదో ఒకటి తేల్చు. నీ బండి నా షెడ్డు సగం మింగేసింది, పక్కకి తిరగడానికి చోటు లేదు,” అన్నాడు మేస్త్రీ.

“రేపు చెప్తాను మేస్త్రీ,” అన్నాడు మెల్లగా.

మెల్లగా అన్నది అతను అన్న తీరు కాదు, అతని పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఒకటుంది కానీ అది బండి కాగితాల్లో తప్ప ఎక్కడా పలకదు. ఇల్లు మారేవాళ్ళ సామాను మోసే పికప్ బండి అతనిది. కూలీలు బీరువా మీద చెయ్యి వేసిన దగ్గర్నుంచి కొత్తింట్లో గోడకి ఆనించేదాకా “మెల్లగా, మెల్లగా” అంటూ వాళ్ళ చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ఆ మాటే పేరై కూర్చుంది. అతని బండి మీద ఇంతవరకు ఒక్క అద్దం పగల్లేదు. నడపడం కూడా పేరుకి తగ్గట్టే ఉంటుంది. సైకిళ్ళు దాటిపోతుంటే చూసి నవ్వుకుంటాడు తప్ప తొందరపడడు. అలాంటి మనిషి ఇప్పుడు ఇంజిన్ మార్చే విషయంలో మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కారణం అతనికొక్కడికే తెలుసు.

బండి ఎత్తు రోడ్డు ఎక్కుతూ నడిమధ్యలో ఆగిపోయింది. ఆ రోజు స్టీరింగ్ పట్టుకున్నది మెల్లగా కాదు, అతని బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. బావకి నడుం పట్టేస్తే, ఒప్పుకున్న సామాను ఆగిపోకూడదని తనే వెళ్ళాడు. వేరే బండి వెనక తాడు కట్టించి లాక్కొచ్చి, షెడ్డు ముందు దిగి, చెమటలు తుడుచుకుంటూ, కబురంది నడుం పట్టుకుని వచ్చిన బావకి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

“ఆయిలు లైటు ఓసారి మినుక్కుమంది బావా. వెంటనే ఆపి ఆయిలు కొలిచే పుల్ల తీసి చూశాను. ఆయిలు నిండుగానే ఉంది. వైరేదో లూజయిందనుకుని కదిలాను. ఎత్తు మీదకి రాగానే లోపల టకటకా కొట్టుకుని ఇంజిన్ పట్టేసింది.”

మేస్త్రీ కూడా పుల్ల తీసి చూశాడు. ఆయిలు నిండుగానే ఉంది. “ఇంత ఆయిలు పెట్టుకుని ఇంజిన్ ఎందుకు పట్టేస్తుంది?” అని బుర్ర గోక్కున్నాడు.

అప్పుడు మెల్లగా నోరు జారాడు. “పట్టేశాక పోసుంటాడు,” అన్నాడు.

నడుం నొప్పి, బండి పోయిందన్న బాధ, రెండూ కలిసి అనిపించాయి ఆ మాట. అన్నవాడు ఇంట్లో నలుగురి మధ్య అన్నా పోయేది. స్కూలు వ్యాను ఆయన తన వ్యాను బాగుచేయించుకోవడానికి వచ్చి అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆ వచ్చే నెల నుంచి బావమరిదిని డ్రైవరుగా పెట్టుకుంటానని మాట ఇచ్చింది ఆయనే. ఆయన ఒకసారి కుర్రాడి వంక, ఒకసారి పుల్ల వంక చూసి, “పిల్లలెక్కే బండి కదా... చూద్దాంలే, తర్వాత మాట్లాడుకుందాం,” అని లేచి వెళ్ళిపోయాడు. తర్వాత మాట్లాడుకోవడం ఏమిటో అక్కడున్న అందరికీ అర్థమైంది. బావమరిది నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. వాడు ఎదురు చెప్పి ఉంటే బాగుండేదని మెల్లగాకి ఇప్పుడనిపిస్తుంది. వాడు నోట్లో నాలుక లేని మనిషి, చెప్పలేదు.

అంతవరకు తప్పు తెలియక చేసిందే. అసలు సంగతి మర్నాడు తెలిసింది.

బండిలో ఉన్న తాళ్ళు, టార్పాలిను, పనిముట్ల పెట్టె ఇంటికి తెచ్చుకుందామని వెళ్ళాడు. చేతికి జిడ్డంటితే తుడుచుకోవడానికి పెట్టెలోంచి గుడ్డ లాగాడు. బూడిద రంగు చొక్కా ముక్క. ఆ చొక్కా బావమరిదిదే. మెల్లగా భార్య బట్టలు కుడుతుంది. తమ్ముడికి తన చేత్తో కుట్టిచ్చిన చొక్కా అది. కాలరు చిరిగాక “తుడుచుకోవడానికి పనికొస్తుంది బావా,” అని తెచ్చిచ్చాడు. దాన్ని ముక్కలు చేసింది టాపెట్ కవరు పని చేసిన రోజు. ఇంజిన్ పైన మూతలా ఉండే ఆ కవరు అంచుల్లోంచి ఆయిలు చెమ్మ కారుతుంటే, ఇంతోటి దానికి మేస్త్రీకి కూలి ఎందుకని, ఇంటిముందు రోడ్డు మీదే కవరు విప్పి ప్యాకింగు మార్చాడు.

పాత ప్యాకింగు గీకేటప్పుడు పెచ్చులు ఇంజిన్ లోపలికి రాలకుండా సందుల్లో గుడ్డలు కుక్కుతారు. ఆ పనికి మేస్త్రీ షెడ్డులో ఒక నియమం ఉంది. కుక్కిన ప్రతి గుడ్డకీ తోక ఉండాలి. అంటే ఒక కొస బయటికి వేలాడుతూ కనబడాలి. “తోక కనబడితేనే కదరా తీయాలని గుర్తొచ్చేది,” అని మేస్త్రీ కొత్తగా చేరినవాడికల్లా పాఠం చెప్తుంటే మెల్లగా ఎన్నోసార్లు విన్నాడు, తలూపాడు కూడా.

ఆ రోజు తోకలు పెట్టాడు. ఒక్కటి తప్ప. టైమింగ్ చైను కిందికి దిగే సందులో పెట్టడానికి పెద్ద ముక్క మిగల్లేదు. చిన్న ముక్క ఉంటే మడిచి నొక్కాడు. అంతలో ఫోను మోగింది. “సామానంతా గుమ్మంలో పెట్టుకుని కూర్చున్నాం, ఇంకా రావేమయ్యా!” అని అవతల ఒకావిడ కేకలు. ఆవిడ కేకలకి చేతులు గబగబా ఆడాయి. కనబడిన తోకలన్నీ లాగాడు, కవరు మూశాడు, బోల్టులు బిగించాడు. బతుకంతా మెల్లగా అన్న మనిషి ఆ ఒక్కపూట తొందరపడ్డాడు.

ఇప్పుడు పెట్టెలో ముక్కలన్నీ తీసి బండి వెనక భాగంలో పరిచాడు. చేతులు పెట్టాడు, వీపు పెట్టాడు, కాలరు పెట్టాడు, బొత్తాల పట్టీ పెట్టాడు. మనిషి వెల్లకిలా పడుకున్నట్టు చొక్కా తయారైంది. ఎడమ వైపు, జేబు ఉండాల్సిన చోట మాత్రం బండి రేకు కనబడుతోంది. పెట్టె బోర్లించాడు. సీటు కింద వెతికాడు. తన జేబులు కూడా తడుముకున్నాడు, పాపం. జేబు ముక్క ఎక్కడుందో అతనికి తెలుసు. చైను దాన్ని లాక్కుని కిందికి, ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే చాంబర్లోకి దింపేసింది. అన్నాళ్ళూ ఓ మూల పడి ఉండి, ఆ రోజు ఎత్తు మీద వెళ్ళి ఆయిలు పీల్చే జల్లెడకి అడ్డం పడింది. చాంబరు నిండా ఆయిలు ఉన్నా ఒక్క చుక్క పైకెక్కలేదు. వాడు చెప్పింది అక్షరాలా నిజం.

అప్పుడే పరిగెత్తి చెప్పేయాల్సింది. ముక్కలన్నీ మళ్ళీ పెట్టెలో కుక్కి, మూత వేసి, తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చాడు.

చెప్పకపోవడానికి దారి కూడా చేతికి అందేంత దగ్గర్లో ఉంది మరి. ఇంజిన్‌కి మేస్త్రీ రెండు మార్గాలు చెప్పాడు. మొదటిది విప్పడం. ముక్కలు ముక్కలు చేసి, లేతు షాపులో బోరు కొట్టించి, క్రాంకు సానబట్టించి, పిస్టన్లూ బేరింగులూ కొత్తవి వేసి కట్టడం. ఖర్చు తక్కువ, ఆలస్యం ఎక్కువ. రెండోది మార్చడం. ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన బండిలోంచి తీసిన ఇంజిన్ తెచ్చి బిగించడం. తొందరగా అయిపోతుంది కానీ బాగా ఖర్చు, పైగా ఆ వచ్చే ఇంజిన్ ఎన్ని పాట్లు పడిందో ఎవరికీ తెలియదు. మేస్త్రీ ఓటు విప్పడానికే. “నీ ఇంజిన్ గుణం నాకు తెలుసు. కట్టిస్తే ఇంకో ఇంత కాలం మోస్తుంది,” అన్నాడు. విప్పితే చాంబరు దించుతారు. చాంబరు దించితే జేబు దిగుతుంది. మారిస్తే పాత ఇంజిన్ మూత కూడా తీయకుండా తుక్కులోకి పోతుంది. మెల్లగాకి ఎక్కువ ఖర్చు ముద్దొచ్చింది.

ఇంట్లో మాత్రం ఆ లెక్క కుదరలేదు.

“మేస్త్రీ విప్పమంటున్నాడుగా, విప్పించండి,” అంది భార్య మిషను మీంచి తల ఎత్తకుండానే. “ముక్కూ మొహం తెలియని ఇంజిన్ తెచ్చుకుని నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?”

“విప్పితే లోపల ఇంకా ఏమేం పోయాయో... లేతు షాపువాడు ఎన్నాళ్ళు తిప్పుతాడో...”

“కుర్చీ కొనమంటే నాలుగు కొట్లు తిరిగి ఉత్త చేతులతో వచ్చే మనిషి మీరు. ఇంజిన్ మాత్రం ఇట్టే కొనేస్తారా?”

మెల్లగాకి ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న బావమరిది తలెత్తాడు. “పోనీలే అక్కా, బావ చెప్పినట్టే కానీ. నా వల్ల వచ్చిందే కదా ఇదంతా.”

ఆవిడ మిషను ఆపింది. “ఏరా, నన్ను చూసి చెప్పు. ఆ రోజు ఆయిలు చూశావా, లేదా?”

వాడు కంచంలో అన్నం కెలికాడు. “చూశాననే అనుకున్నానక్కా. ఇప్పుడు అందరూ అంటుంటే... ఏమో, నిజంగా చూశానో లేదో నాకే తెలీడం లేదు.”

అని సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. వాడి ఉద్యోగం పోగొట్టినందుకు మెల్లగా సిగ్గుపడుతూనే ఉన్నాడు. ఇప్పుడు వాడికి తన కళ్ళ మీద తనకున్న నమ్మకం కూడా పోయింది. చూసిన దాన్ని చూడలేదేమో అనుకునే స్థితికి ఒక మనిషిని తెచ్చినవాడు, ఎదురుగా కూర్చుని చారు పోసుకుంటున్నాడు. తనంటే తనకే రోత పుట్టింది.

అయినా మర్నాడు పాత ఇంజిన్లు అమ్మేవాడి దగ్గరికి వెళ్ళాడు. అతన్ని అందరూ గ్యారంటీ అంటారు, అది తప్ప అన్నీ ఇస్తాడు కనుక. రేకుల పాకలో ఇంజిన్లు వరసగా బోర్లా, వెల్లకిలా పడున్నాయి.

“ఇదుగో, ఇది తీసుకో. మొన్నటిదాకా కాలేజీ మాస్టారు నడిపిన బండిది. ఆయన హారను కొట్టడానికి కూడా మొహమాటపడేవాడు,” అన్నాడు గ్యారంటీ.

“కాలేజీ మాస్టారికి పికప్ బండి ఎందుకు?”

“అదంతా మనకెందుకు? నా మీద నమ్మకం పెట్టుకో.”

ఇంకో రోజయితే మెల్లగా ఆ ఇంజిన్ చుట్టూ పూటంతా తిరిగేవాడు, వాసన చూసేవాడు, చెయ్యి పెట్టి తిప్పించేవాడు. ఆ రోజు అడిగింది ఒక్కటే. “మరి నా పాతది ఏం చేస్తావు?”

“తుక్కు కింద నేనే తీసుకెళ్తా. పట్టేసినదాన్ని విప్పే ఓపిక ఎవరికుంది? అలాగే కొలిమిలోకి పోతుంది.”

ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం, ప్రాణం లేచొచ్చినందుకు సిగ్గేసింది. అడ్వాన్సు చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

ఆ సాయంత్రం బావమరిది వీధి చివర్నుంచి నడిచి వచ్చాడు. మోకాళ్ళ దాకా దుమ్ము. మెల్లగా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“నీ మోటారు సైకిలేదిరా?”

“రిపేరుకిచ్చాను బావా,” అని మొహం చూపకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

వంటింట్లోంచి భార్య వచ్చి పక్కన నిలబడింది. గొంతు తగ్గించి చెప్పింది. “అమ్మేశాడు. విప్పడానికీ మార్చడానికీ మధ్య ఎంత తేడా వస్తుందో మేస్త్రీని అడిగి, ఆ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు. రేపట్నుంచి గోడౌన్లో బస్తాలు మోస్తాడట. ఇక స్టీరింగు ముట్టనంటున్నాడు. మీకు చెప్పొద్దన్నాడు.”

తేడా. తన భయానికి పడిన ఖరీదు అది. దాన్ని వాడు తన బండి అమ్మి కట్టాడు. మెల్లగా లేచి లోపలికి వెళ్ళాడు. వాడు చాప మీద కూర్చుని చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్నాడు.

“ఒరే...”

“ఏంటి బావా?”

“ఏం లేదు. టీ తాగావా?”

“తాగాను బావా.”

ఇంతటి మొనగాడు మన మెల్లగా. బీరువాలు మోయించినవాడు ఒక్క మాట దించలేకపోయాడు.

పొద్దున్నే గ్యారంటీ ట్రాలీ మీద ఇంజిన్ తెచ్చేశాడు. షెడ్డులో చైను పుల్లీకి పాత ఇంజిన్ వేలాడుతోంది. పైప్‌లూ వైర్లూ అన్నీ ఊడదీశారు. గొలుసు లాగడానికి బావమరిది కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. గోడౌనుకి సాయంత్రం నుంచి వెళ్తాడట. గ్యారంటీ ట్రాలీ వెనక్కి తెచ్చి, “దించండి, దించండి, నాకు ఇంకో చోట పనుంది,” అని తొందరపెడుతున్నాడు. బావమరిది గొలుసు పట్టుకుని మెల్లగా వైపు చూశాడు.

“దించమంటావా బావా?”

ఊ అంటే అయిపోతుంది. ట్రాలీ వెళ్ళిపోతుంది, జేబు కొలిమిలోకి పోతుంది, రేపట్నుంచి మామూలే. మెల్లగా ఊ అనడానికే నోరు తెరిచాడు. మోటారు సైకిలు లేక నడిచి వచ్చిన వాడి కాళ్ళు కళ్ళబడ్డాయి.

“ఆగు. మేస్త్రీ, విప్పు.”

“ఏంటి?”

“చాంబరు విప్పు.”

మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. “పది రోజుల్నుంచి నేను మొత్తుకుంటున్నది అదే కదయ్యా! అంతా ఊడబెరికి, కొత్తది గుమ్మంలోకొచ్చాక ఇప్పుడా?”

“తిట్టు. ముందు విప్పు.”

గ్యారంటీ అడ్వాన్సు తిరిగివ్వనని ముందే అరిచి చెప్పాడు. మేస్త్రీ గొణుగుతూనే కింద తొట్టి పెట్టి ఆయిలు వదిలాడు, బోల్టులు తీశాడు, చాంబరు దించాడు. ఆయిలు పీల్చే జల్లెడ నల్లటి గుడ్డ నోట కరుచుకుని కనబడింది. వేళ్ళతో ఊడలాగి డీజిల్లో జాడించాడు. నలుపు పోయి బూడిద రంగు తేలింది. జేబు. అంచులు చైను నమిలేసింది కానీ, రెండు మూలల్లో ముక్కోణం కుట్టు అలాగే ఉంది.

బావమరిది దగ్గరికి వచ్చి చూశాడు. “ఇది నా చొక్కా,” అన్నాడు. కుట్టు మీద వేలు పెట్టి, “నేనే... ఆ రోజు పుల్ల తుడిచినప్పుడు... నేనే ఎక్కడో పడేసుంటాను బావా,” అన్నాడు.

ఇంజిన్ విప్పితే నిజం దానంతటదే బయటపడుతుందని, ఇక తను నోరు విప్పాల్సిన పని ఉండదని లోపల్లోపల మెల్లగాకి ఒక ఆశ ఉండేది. విప్పారు, బయటపడింది, వాడు దాన్ని కూడా తన నెత్తినే వేసుకుంటున్నాడు.

“మేస్త్రీ,” అన్నాడు మెల్లగా. “తోక పెట్టలేదు.”

మేస్త్రీ చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. ఇంకో మాట అక్కర్లేకుండా అంతా అర్థమైంది. టాపెట్ కవరు వంక చూశాడు, కొత్త ప్యాకింగు వంక చూశాడు, దాన్ని బెంచీ మీద పడేసి పక్కకి తిరిగాడు.

మెల్లగా బావమరిది వైపు తిరిగాడు. “నువ్వు కాదురా. కవరు పని చేసింది నేను. గుడ్డ పెట్టి మర్చిపోయింది నేను. నువ్వు ఆయిలు చూశావు. నిండుగానే ఉంది. పట్టేశాక పోసుంటాడని నలుగురిలో అన్నది కూడా నేనే.”

వాడు అరవలేదు. ఒక్కటే అడిగాడు. “నీకెప్పుడు తెలిసింది బావా?”

ఇదిగో, ఇప్పుడే, అనొచ్చు. కాదనే సాక్షి లేడు. ఆ మాట పెదాల దాకా వచ్చింది కూడా.

“మర్నాడే,” అన్నాడు మెల్లగా. “నువ్వు సగం అన్నంలో లేచినప్పుడు నాకు తెలుసు. నువ్వు బండి అమ్మినప్పుడూ తెలుసు.”

వాడు తల ఊపాడు. గొలుసు వదిలేసి, చేతులు తన ప్యాంటుకే తుడుచుకుని బయటికి నడిచాడు. కొంత దూరం పోయి వెనక్కి వచ్చాడు. బెంచీ మీద జేబు తీసుకుని మెల్లగా చేతిలో పెట్టాడు. “అక్కకి నువ్వే చెప్పు,” అని వెళ్ళిపోయాడు. బావా అనలేదు. ఆ తర్వాత చాలా కాలం అనలేదు. పిలవాల్సి వస్తే “ఇదిగో” అనేవాడు.

మెల్లగా ఇంటికి వెళ్ళి మిషను మీద, కుడుతున్న బట్ట పక్కన, ఆ జేబు పెట్టాడు. డీజిలు కంపుకి ఆవిడ ముక్కు మూసుకుంది. తర్వాత మూలల్లో కుట్టు చూసింది. తన కుట్టు తను గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది? తమ్ముడు జేబు నిండా ఫోనూ పెన్నులూ పెట్టుకుని చింపేస్తాడని, ఒకటికి రెండుసార్లు తిప్పి కుట్టింది.

నిలబడే మొత్తం చెప్పాడు. కూర్చోవడానికి మొహం చెల్లలేదు. తిడుతుందని చూశాడు, ఏడుస్తుందని చూశాడు. ఆవిడ జేబుని బొటనవేలితో సాపు చేస్తూ కూర్చుంది.

“వాడు నా మొహం చూసి అబద్ధం ఆడడు. అయినా నేను అడిగాను, చూశావా లేదా అని,” అంది చివరికి. ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు. “మీరు అక్కడే కూర్చుని ఉన్నారు.”

“ఉన్నాను.”

“వాడి మోటారు సైకిలు ఎవరు కొన్నారో కనుక్కుని వెనక్కి తీసుకురండి. ముందు మాత్రం ఆ స్కూలు వ్యాను ఆయన దగ్గరికి వెళ్ళండి. అప్పుడు ఎంత గట్టిగా అన్నారో, ఇప్పుడు కూడా అంత గట్టిగా చెప్పండి. అక్కడ ఎంతమంది ఉన్నా సరే.”

“వెళ్తాను. కాస్త చేతులు కడుక్కుని...”

ఆవిడ జేబు తీసి అతని చేతిలో మళ్ళీ పెట్టింది. పెళ్ళయినప్పట్నుంచి ఒక్కసారి కూడా అతన్ని ఆ పేరుతో పిలవని మనిషి, మొదటిసారి ఆ మాట అంది.

“మెల్లగా కాదు. ఇప్పుడే.”